చెక్కుబందీ

కందుకూరు రిజిస్ట్రారాఫీసు ఎదురు వరసలో
మూడో రేకుల షెడ్డు నాది.
ఇరవై ఆరేళ్లుగా ఒకళ్ల భూములు
ఇంకొకళ్లకు రాసిస్తున్నాను.
నా పేరిట ఉన్నవి ఒక కుర్చీ, ఒక ప్రింటరు,
ఒక దస్తావేజు తెరిచేలోపు
గ్లాసెడు టీ చల్లారిపోయే కంప్యూటరూ.

కొత్తది వచ్చింది మొన్న,
గోడలు లేచి తలుపులు పెట్టని ఇల్లులాగా.
మాల్యాద్రి పాతదాని వీపు తనవైపు తిప్పుకుని
దుమ్ము చొక్కా అంచుతో తుడిచి
"రెండుండాయి సార్ దీనికి" అన్నాడు.
"ఈ స్టిక్కరుది పెట్టెతో పుట్టింది, పెట్టెతోనే పోద్ది.
ఇంకోదానికి ఎక్కదు.
మీరు తర్వాత నెల్లూర్లో కొన్నారే, డబ్బా,
అది మారుద్ది.
కాకపోతే ముందు పాతదాంట్లోంచి తీసెయ్యాల."

ఇంకా చెప్పబోతుంటే చాల్లేరా అన్నాను.
నాకు తెలియని సంగతా?
మొదటిది డి పట్టా.
దున్నుకో, తిను, నీ పిల్లలూ తింటారు,
అమ్మబోతే చెల్లదు.
రెండోది జిరాయితీ,
దాన వినిమయ విక్రయాది సర్వహక్కులున్న నేల.

డబ్బా బీరువా అడుగున దొరికింది,
ఎవరూ తీసుకెళ్లని పాత ఈసీల కింద.
ట్రంకురోడ్డు కొట్టు బిల్లు మీద అంకెలు ఎగిరిపోయాయి.
లోపలి కార్డు మీద మాత్రం
అయిదు ముక్కలు, ముక్కకు అయిదక్షరాలు.
ఏ సర్వే నంబరూ ఇంత పొడుగుండదు.

"ఎందుకు సార్ ఈ తంటా?
నా పెన్‌డ్రైవులో ఒక ఫైలుంది.
రెండిట్లోనూ ఆడిస్తా. ఎవురడుగుతారు?"

ఎవరడుగుతారు.
ఆ స్టూలు మీదే కూర్చుని
పొగాకు బ్యారనొకటి ఇద్దరికి రాయమని
టేబులు కింద నుంచి కవరు తోశాడొకాయన.
పిల్లవాడి ఫీజుకు అది ఆఖరు రోజు.
రాయలేదు.
రాసుంటే బాగుండేదనిపించిన నెలలూ లేకపోలేదు.

మాల్యాద్రి నల్లటి తెర తెరిచి ఒక వరస కొట్టాడు.
"పోయింది సార్."
అంతే. ఒక చప్పుడన్నా లేదు.
అరెకరం పోయేటప్పుడు మనిషి
వేలిముద్ర వెయ్యబోయే ముందు
చేతిని ఒకసారి పంచెకు తుడుచుకుంటాడు.
ఇదేమీ తుడుచుకోలేదు.

కొత్తదానికి ఫోను చేయాల్సొచ్చింది.
అవతల ఒక ఇంగ్లీషు ఆడగొంతు
తొమ్మిది గుంపుల అంకెలు నా చేత చదివించి
ఎన్ని కంప్యూటర్లలో ఉందని అడిగింది.
మాల్యాద్రి నా మొహం చూశాడు.
ఒకటి నొక్కాను.
నొక్కాక తెలిసింది,
ఇరవై ఆరేళ్లలో ఎవరూ
నన్ను సాక్షిగా నిలబెట్టి అడగలేదని.

పాతది జిరాక్సు రమీజాకిస్తానని మాటిచ్చాను.
దాని డి పట్టా దానికుంది కదా, మళ్లీ ఎక్కించమన్నాను.
స్టిక్కరు మీద అక్షరాలు
ఎండకు వెలిసిన గోడమీది పేరులాగా ఉన్నాయి.
వేలిముద్రలు చూసే భూతద్దం పెట్టి
ఒక్కొక్కటే చదివాను.
నాలుగో ముక్కలో ఎనిమిదో, బీయో.
ఎనిమిది కొడితే ఒప్పుకోలేదు.
బీ కొట్టాం.
కాసేపు ఆలోచించి
తన పేరు తాను గుర్తు తెచ్చుకున్నట్టు
లేచింది ముసలిది.

రమీజా వచ్చి ఆటోలో పెట్టించుకుంటూ
"కాయితమేమన్నా రాస్తావా అన్నా?" అంది,
నవ్వుతూనే అంది.
నేను మాత్రం తెల్లకాగితం తీశాను.
స్వాధీనపరచడమైనది.
దీనితో వచ్చిన హక్కు దీనిలోనే ఉండును,
వేరొక పెట్టెకు దఖలు పరచుటకు వీలు లేదు.
తూర్పు: కిటికీ.
పడమర: జిరాక్సు మిషను.
ఉత్తరం: కరెంటు బోర్డు.
దక్షిణం దగ్గర పెన్ను ఆగింది.
ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.
అక్కడ ఏముంటుందో
ఆమె షాపులోకి నేనెప్పుడూ సరిగా చూడలేదు.